కొర్లయ్య దించిన నొప్పి

కొర్లయ్యకి చదువు లేదు, సొంత పడవ లేదు, అరవై దాటాక మోకాళ్ళు కూడా ఆయన మాట వినడం మానేశాయి. పేరు మాత్రం ఉంది. అనకాపల్లి నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో ఏ టీ కొట్టు దగ్గర ఆగి "తేలు కొర్లయ్య ఇల్లెక్కడ?" అని అడిగినా, టీ పోసేవాడు చేతిలో పని ఆపకుండానే గడ్డంతో దారి చూపిస్తాడు. ఒంట్లో వేటకి వెళ్ళే ఓపిక పోయాక ఇంటి ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేస్తూ బతుకుతున్న మనిషికి అంత పేరంటే మాటలా?

నలభై ఏళ్ళుగా ఆయన తేలు కుట్టినవాళ్ళకి నొప్పి దించుతున్నాడు. ఆ విద్య మామగారి దగ్గర నేర్చుకున్నాడు. గ్రహణం పట్టిన రోజున నడుంలోతు సముద్రంలో నిలబెట్టి, కెరటానికీ కెరటానికీ మధ్య ఒక్కో మాట చొప్పున చెవిలో చెప్పాడట ఆ ముసలాయన. "సగం మాటలు నీల్లల్లోనే పోనుంటాయి. మిగతా సగంతోనే ఇంత ఎగురుతన్నాడు" అని మరిడమ్మ వెక్కిరిస్తుంది. మరిడమ్మ ఆయన భార్య, ఆ ముసలాయన కూతురు. కాబట్టి వెక్కిరించే హక్కు ఆవిడకి పూర్తిగా ఉంది.

పద్ధతి ఇదీ. కుట్టించుకున్న మనిషిని గుమ్మం ముందు తూర్పు ముఖంగా కూర్చోబెడతాడు. పచ్చి వేపరెమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, నొప్పి ఎక్కడి దాకా పాకిందో అడుగుతాడు. తొడ దాకా అంటే తొడ మీద రెమ్మ ఆనించి, పెదాలు కదుపుతూ కిందకి దువ్వుతాడు. ఇప్పుడెక్కడుందని అడుగుతాడు. మోకాలి దగ్గరంటాడు వాడు. మళ్ళీ దువ్వుతాడు. అలా చీలమండ, అలా మడమ, అలా వేలి కొస. అక్కడి నుంచి నేల మీదకి దులిపేస్తే పని అయిపోయినట్టు. కొందరికి పావుగంటలో దిగుతుంది, కొందరికి పూటంతా పడుతుంది. ఏడుస్తూ వచ్చినవాడు నడిచి వెళ్తాడు.

చేతికేమీ పుచ్చుకోకూడదన్నది మంత్రానికున్న నియమం. ఒకసారి మాడుగుల నుంచి ఒకాయన కారులో వచ్చి, నొప్పి దిగిన సంతోషంలో హల్వా డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. కొర్లయ్య చేతులు వెనక్కి కట్టేసుకున్నాడు. లోపల్నుంచి మరిడమ్మ వచ్చి, "మంత్రం ఆయనది బావూ, హల్వా నాకియ్యి" అని డబ్బా పట్టుకుపోయింది. వారం రోజులు ఆవిడ తింటూ ఉంటే కొర్లయ్య చూస్తూ కూర్చున్నాడు. అదీ ఆయన నిష్ఠ.

ఈ ఏడాది ఎండలు ముదిరి, ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో జరిగింది అసలు సంగతి. కొర్లయ్య కొడుకు శంకర్ విశాఖపట్నం హార్బరులో పెద్ద బోటు మీద పని చేస్తాడు. బోటు వేటకి వెళ్ళి నాలుగు రోజులైంది, ఫోను అందదు. మరిడమ్మ చేపల గంప పెట్టుకుని పొద్దున్నే అనకాపల్లి బజారుకి వెళ్ళింది. ఇంట్లో కోడలు దుర్గాలక్ష్మి, ఏడేళ్ళ మనవరాలు చిట్టి, వల ముందు కొర్లయ్య ఉన్నారు. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు చిట్టి బొమ్మల పొయ్యిలోకి పుల్లలు కావాలని ఇంటి వెనక సరుగుడు కట్టెల మోపు దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిన నిమిషానికే పెట్టిన కేక వీధి చివరి దాకా వినపడింది.

దుర్గాలక్ష్మి పరిగెత్తింది. కట్టెల కింద తేలు. చెప్పుతో కొట్టి, పిల్లని ఎత్తుకుని మామగారి ముందుకి తెచ్చింది. "మావా, కుడికాలు బొటనేలు మీద కుట్టీసింది. సూడు, ఎలగ గిలగిలలాడిపోతందో!"

కొర్లయ్య లేచి ముందు తేలుని చూశాడు. ఎర్రగా, చిటికెన వేలంత ఉందో లేదో. ఆయనకి నవ్వొచ్చింది. "ఇదేటే! మండ్రగబ్బలు కుట్టినోల్లకి దించేను. గుప్పెడంతుంటాయవి, నల్లగా. ఇదో లెక్కా?" అన్నాడు. పైకి అలా అన్నాడు గానీ లోపల చిన్న బెదురు లేకపోలేదు. సొంత నెత్తురుకి మంత్రం పారదని తన మామగారు ఎప్పుడో అన్నాడు. నిజమో కాదో చూసే అవసరం ఇప్పటిదాకా రాలేదు.

చూసేశాడు. పారింది. పారడమేమిటి, ఇంత తొందరగా ఎవరికీ ఎప్పుడూ పారలేదు. తొడ దాకా ఉందన్న పిల్ల, మొదటి దువ్వుకే మోకాలంది. రెండోదానికి చీలమండ. మూడోదానికి వేలు. నాలుగోసారి అడిగితే, "లేదు తాతా" అని ఊరుకుంది. ఏడుపు ఠక్కున ఆగిపోయింది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "ఓలమ్మో, సూసేవా? నాలుగంటే నాలుగే!" అంది ఒకావిడ. కొర్లయ్య రెమ్మని నేల మీద దులిపి, మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. నలభై ఏళ్ళలో అంత గర్వం ఆయనకి ఎప్పుడూ కలగలేదని ఒప్పుకోవాలి. మనవరాలు, అందులోనూ నాలుగు దువ్వులు!

చిట్టి గోడకి జారబడి కూర్చుంది. కాసేపటికి ఒళ్ళంతా చెమట పట్టింది. గౌను పిండితే కారేలా తడిసిపోయింది. "మావా, ఏటీ సెమట?" అంది కోడలు. "ఇసం పోవద్దేటి? దిగిన ఇసం సెమటలోంచి పోతాది" అన్నాడు కొర్లయ్య. ఆ మాట ఆయనకి మామగారు చెప్పింది కాదు, అప్పటికప్పుడు తోచింది. కానీ చెప్పాక నిజమే అనిపించింది. తరవాత పిల్ల వాంతి చేసుకుంది, రెండుసార్లు. "అదీ మంచిదే. కడుపులో ఉన్నది కూడా కక్కీసింది" అన్నాడు. నోట్లోంచి చొంగ కారుతుంటే తుడిచాడు. చేతులు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. విషం వేడి దిగింది కదా, ఒళ్ళు చల్లబడుతుంది అనుకున్నాడు. ఏది చూసినా ఆయనకి సరిగ్గానే అమరింది. ఒక్కటే అమరలేదు. నొప్పి లేని పిల్ల ఆడుకోవాలి కదా, ఎందుకు మాట్లాడదు? ఊపిరి ఎందుకంత తొందర తొందరగా తీస్తోంది?

అలా ముప్పావుగంట గడిచింది. ఆ ముప్పావుగంటని తరవాత ఆయన ఎన్నిసార్లు తలుచుకున్నాడో!

బాబ్జి ఆటో వచ్చి వీధి మొగలో ఆగింది. బాబ్జి మరిడమ్మకి వరసకి మేనల్లుడు, రోజూ చేపల గంపలు బజారుకి తీసుకెళ్ళి తెచ్చేది అతనే. ఖాళీ గంప చంకన పెట్టుకుని దిగిన మరిడమ్మ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చిట్టి కళ్ళు తేలేసి చూస్తోంది. గంప పడేసి పిల్ల చెయ్యి పట్టుకుంది. రోజంతా ఐసుగడ్డల్లో చేతులు పెట్టే మనిషికి చల్లదనం ఎంతదో ఎవరూ చెప్పక్కర్లేదు.

"గుంటకి ఒల్లు ఐసులో పెట్టినట్టుందేటయ్యా? ఏటైంది?"

"తేలు కుట్టింది. నొప్పి దించీసేను. మరేటీ లేదు."

"దించీసినోడివైతే ఈ ఊపిరేటి? ఈ డొక్కలేటి, ఇలగెగురుతన్నాయి?"

"అది... సద్దుకుంటాది."

"నీ సద్దుకోడం మండిపోను!" అని ఆవిడ పిల్లని ఎత్తుకుని వెనక్కి తిరిగింది. "బాబ్జీ, ఆటో తిప్పరా! అనకాపల్లి!" దుర్గాలక్ష్మి ఏడుస్తూ వెంటపడింది. ఆటో కదులుతుంటే కొర్లయ్య కూడా పట్టుకుని బాబ్జి పక్కన ఎక్కేశాడు. చేతిలో వేపరెమ్మ అలాగే ఉంది.

దారంతా ఆయన ఒకటే మాట అంటున్నాడు. "నొప్పి లేదే. అడగండి దాన్ని, నొప్పి లేదే." అచ్యుతాపురం దగ్గర కంపెనీ బస్సులు అడ్డం పడితే బాబ్జి రోడ్డు దిగి మట్టిలోంచి పోనిచ్చాడు. అప్పుడు చిట్టికి దగ్గు వచ్చింది. దగ్గితే నోట్లోంచి నురగ వచ్చింది, లేత ఎరుపు రంగుది. మరిడమ్మ కొంగుతో తుడిస్తే మళ్ళీ వచ్చింది.

కొర్లయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఆ నురగ ఆయనకి తెలుసు. పడవ తిరగబడి మునిగిపోయినవాళ్ళని ఒడ్డుకి లాక్కొచ్చినప్పుడు ముక్కుల్లోంచీ నోట్లోంచీ వచ్చే నురగ అది. తన చేతుల్తో నలుగురిని లాగాడు. కానీ వాళ్ళు సముద్రంలో మునిగారు. పిల్ల సముద్రం ముఖం కూడా చూడలేదీవేళ. ఇంటి వెనక కట్టెల దగ్గర కాలి వేలి మీద కుడితే ఇక్కడ, ఆటోలో, కూర్చున్నది కూర్చున్నట్టే మునిగిపోవడమేమిటి?

అనకాపల్లి పెద్దాసుపత్రిలో పిల్లని బల్ల మీద పడుకోబెట్టగానే డాక్టరమ్మ వచ్చింది. పేరు రాజశ్రీ, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. చెయ్యి చూసి, గుండె విని, ఛాతీ విని, "ఏం కుట్టింది? ఎప్పుడు?" అంది. దుర్గాలక్ష్మి చెప్పింది. "ఎర్ర తేలా? చిన్నదా?" అని మళ్ళీ అడిగి, "నొప్పి ఎంత ఉందంటోంది?" అంది.

ఈ ప్రశ్నకి కొర్లయ్య దగ్గర జవాబుంది. ముందుకి వచ్చాడు. "నొప్పి లేదమ్మా. పూర్తిగా దించీసేను. నాలుగు దువ్వులకే పోనాది."

మంచి మాట చెబితే ఎవరి మొహమైనా తేటపడాలి కదా? డాక్టరమ్మ మొహం మాడిపోయింది. చిట్టి బొటనవేలు నొక్కింది. పిల్ల మూలగలేదు, కాలు లాక్కోలేదు. డాక్టరమ్మ నర్సు వైపు తిరిగి గబగబా ఏదో చెప్పింది. ఆక్సిజన్ పెట్టారు. తల వైపు ఎత్తు పెట్టారు. సూది గుచ్చారు, మాత్ర ఒకటి పొడి చేసి నీళ్ళలో కలిపి పట్టారు. అందర్నీ బయటికి పొమ్మన్నారు.

బయట బల్ల మీద కూర్చున్నారు. లోపల నర్సు బల్ల మీద మాత్రల అట్ట ఉండగా బాబ్జి చూశాడట, చెవిలో గుసగుసలాడాడు. "మావా, ఆ మాత్ర మా నాన్నేసుకునేదే. బీపీకీ, ఉచ్చ సరిగ్గా రావట్లేదనీ రాసేరు. తేలుకి ఆ మాత్రెందుకిత్తన్నారు?" కొర్లయ్యకి అసలే అయోమయం, దానికి తోడు ఇదొకటి. ముసలాళ్ళ మాత్రకీ, తేలుకీ, మునిగిపోవడానికీ సంబంధమేమిటి? ఇక్కడ ఎవరికైనా ఏమైనా తెలుసా, లేక తనకొక్కడికే ఏమీ తెలీదా?

మరిడమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం కొర్లయ్య పెళ్ళైన దగ్గర్నుంచీ ఎరగడు. చివరికి గోడ వైపు చూస్తూ అంది. "దేముడన్నకి కూడా ఇలగే సెమటలట్టేయి."

దేముడు కొర్లయ్యతో ఒకే పడవ మీద ఇరవై ఏళ్ళు వేటాడిన మనిషి, "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళు. ఎనిమిదేళ్ళ కిందట వల మడతల్లో తేలు కుడితే కొర్లయ్య దగ్గరికే వచ్చాడు. దించాడు. టీ తాగి, గుండెల్లో బరువుగా ఉందని ఇంటికెళ్ళి పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు.

"అది గుండె" అన్నాడు కొర్లయ్య.

"ఎవులు సెప్పేరు?"

ఎవరు చెప్పారు? ఊరంతా గుండె అంది. ఊరికెవరు చెప్పారు? తానే చెప్పాడేమో. నొప్పి దిగిపోయిన మనిషి తేలు వల్ల పోడు కదా అని తానే అన్నాడు, పాడె మోస్తూ కూడా అన్నాడు.

చీకటి పడేముందు డాక్టరమ్మ బయటికి వచ్చింది. "ఇప్పుడే ఏమీ చెప్పలేనమ్మా. విరుగుడు ఇంజక్షన్ ఇచ్చాం, మాత్ర మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది" అంది.

"నీరెక్కడిదమ్మా?" అన్నాడు కొర్లయ్య. "గుంట సముద్రం కాసే ఎల్లలేదు. కట్టెల కాడ కుట్టింది. కాలికి కుడితే ఊపిరితిత్తుల్లోకి నీరెలగొత్తాది?"

డాక్టరమ్మ ఆయన్ని ఒక నిమిషం చూసింది. కసురుకుంటుందనుకున్నాడు. కసరలేదు, పక్కన బల్ల మీద కూర్చుంది. "ఆ నీరు బయటిది కాదు తాతగారూ, ఒంట్లోదే. మన నరం ఒక కబురు పంపి ఊరుకోవాలి. తేలు విషం తగిలితే అది ఊరుకోదు, పంపుతూనే ఉంటుంది. చెమట పట్టు, వాంతి చేసుకో, గుండె వేగంగా కొట్టుకో, అని ఒకటే కేకలు. రక్తం పారే నాళాలన్నీ బిగుసుకుపోతాయి. అందుకే చేతులూ కాళ్ళూ చల్లబడ్డాయి. బిగుసుకున్న నాళాల్లోకి రక్తాన్ని తోసి తోసి గుండె అలిసిపోతుంది. అప్పుడు రక్తం వెనక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. అందులోంచి నీరు ఊరి, గాలి ఉండాల్సిన చోట చేరుతుంది. మేమిచ్చే మాత్ర ఆ బిగుతు వదిలిస్తుంది."

"అంటే... బోటు ఇంజను రేజు ఫుల్లు మీద ఇరుక్కుపోనట్టా?"

"దాదాపు అంతే."

ఇంజను సంగతి అర్థమైంది ఆయనకి. వేగం పెంచే రేజు ఇరుక్కుపోయి ఇంజను మాడిపోవడం చూశాడు. కానీ అర్థం కానిది ఇంకా అక్కడే ఉంది, గొంతులో ముల్లులా. "మరి నొప్పి దిగిపోనాది కదమ్మా? నొప్పి పోతే ఇసం పోనట్టు కాదా?"

"కాదు." ఆవిడ మెల్లగా చెప్పింది. "చాలా తేళ్ళు కుడితే నొప్పే ఉంటుంది, అంతకు మించి ఏమీ కాదు. కొన్ని గంటలకి దానంతటదే తగ్గిపోతుంది. ఎర్ర తేలు విషం ఒళ్ళంతా పాకిన పిల్లలకి మాత్రం ఒక్కోసారి కుట్టిన చోట నొప్పే తెలీదు. అదే మాకు భయం. మందు పనిచేసి తేరుకునేటప్పుడు నొప్పి మళ్ళీ వస్తుంది. పాప కాలు నొప్పి అన్న వెంటనే నాకు చెప్పండి. దాని కోసమే చూస్తున్నా."

కొర్లయ్య అడిగాడు. "అయితే నానిన్నేళ్ళూ దించింది?"

"తగ్గేదే తగ్గుంటుంది తాతగారూ. పక్కన కూర్చుని ధైర్యం చెప్పారు, అది తక్కువేం కాదు."

"మరి తొందరగా దిగిపోనోల్లు? దిగిపోనాదని ఇంటికెల్లిపోనోల్లు? ఆల్లందరూ?"

డాక్టరమ్మ లేచి నిలబడింది. "వాళ్ళు ఇంటికెళ్ళాక ఎలా ఉన్నారో నాకెలా తెలుస్తుంది?" అంది. తప్పుపట్టినట్టు కూడా అనలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

నిజమే, ఆవిడకెలా తెలుస్తుంది? కొర్లయ్యకే తెలీదు. నొప్పి నేల మీద దులిపాక ఎవరి వెనకా వెళ్ళలేదు. వెళ్ళకపోవడమే పద్ధతనుకున్నాడు. చీడికాడ నుంచి మనిషిని మోసుకొచ్చారు ఒకసారి, ఐదు నిమిషాల్లో దిగిందని ఊరంతా చెప్పుకుంది. అతను బాగున్నాడా? మళ్ళీ ఎప్పుడూ కనపడలేదు. బాగుండబట్టే రాలేదనుకున్నాడు. గొలుగొండ నుంచి వచ్చిన ఆ పెళ్ళికూతురు? పూటంతా ఏడ్చి ఏడ్చి, నీ మంత్రం పాడుగాను అని తిట్టిన రైతు? వాడికి దించలేకపోయానని సిగ్గుపడ్డాడు అప్పట్లో. వాడే బతికాడేమో! తాను గెలిచానన్న చోట ఓడాడా? ఓడిన చోట మనిషి గట్టెక్కాడా? అలాగని అన్నీ తప్పేనా? దించిన వందల మందిలో చాలామంది మళ్ళీ కళ్ళెదుటే తిరిగారు కదా? ఎటు నుంచి పట్టుకున్నా లెక్క చిక్కుపడిపోతోంది. చిక్కు తియ్యడం ఆయన చేతిలో పని. వలైతే తీసేవాడు.

దేముడి సంగతికి మాత్రం చిక్కు లేదు. అది సాఫుగా ఉంది. టీ గ్లాసు తానే ఇచ్చాడు. గుండెల్లో బరువంటే, "నొప్పి దిగింది కద బావా, ఎల్లి తొంగో" అని పంపించాడు. కొర్లయ్య తల గోడకి ఆనించి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. మరిడమ్మ చూసింది. ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కొంచెం దగ్గరికి జరిగి కూర్చుంది.

ఇక చెయ్యడానికి ఒకటే మిగిలింది, ఎదురుచూడడం. దేనికోసం? పిల్లకి నొప్పి రావడం కోసం. తేలు కుట్టిన మనిషికి నొప్పి రావాలని ముగ్గురూ దేవుళ్ళకి మొక్కుకుంటున్నారు. బాబ్జి కూడా ఇంటికెళ్ళకుండా ఆటోలోనే ఉండిపోయాడు. "అమ్మా నూకాలమ్మా, నా గుంటకి నొప్పియ్యి తల్లీ" అని దుర్గాలక్ష్మి మొక్కుతుంటే పక్క బల్ల మీదావిడ మతి పోయిందా అన్నట్టు చూసింది. గంటకోసారి నర్సు బయటికి వస్తే, ముగ్గురూ లేచి ఆవిడ మొహంలోకి చూడడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం, మళ్ళీ కూర్చోవడం. తన మంత్రం నిజంగా నొప్పిని దించిందే అయితే, అది ఎక్కించడం కూడా నేర్పించి ఉండాల్సింది మామగారు, అనుకున్నాడు కొర్లయ్య. అనుకుని, తనకి ఇంకా మంత్రం మీద నమ్మకముందో లేదో తెలీక మళ్ళీ తికమకపడ్డాడు.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి లోపల్నుంచి కేక వినపడింది.

మోకాళ్ళ సంగతి మరిచిపోయి పరిగెత్తాడు కొర్లయ్య. ఆక్సిజన్ గొట్టం పక్కకి లాగేసి, మంచం మీద కుడికాలు రెండు చేతుల్తో పట్టుకుని చిట్టి ఏడుస్తోంది. "మంట! మంట! మామ్మా, మంట!" మొహం ఎర్రగా ఉంది. దుర్గాలక్ష్మి పిల్ల మీద పడి ఏడుస్తూ నవ్వుతోంది. మరిడమ్మ రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెడుతోంది. నర్సు కూడా నవ్వుతూ, డాక్టరుగారికి చెబుతానని వెళ్ళింది. పిల్లకి ఒళ్ళు మండిపోయింది.

"నాకు నొప్పంటే నవ్వుతారేటి? మీ అందరికీ పిచ్చెక్కిందా?"

"అవునే తల్లీ, పిచ్చే" అంది మరిడమ్మ.

అప్పుడు చిట్టికి మంచం చివర నిలబడ్డ తాత కనపడ్డాడు. ఏడుపు కొంచెం ఆపింది. ఈ మతిలేని వాళ్ళ మధ్య పనికొచ్చే మనిషి ఒకడైనా దొరికినందుకు మొహంలో ధైర్యం వచ్చింది. కాలు ఆయన వైపు చాపింది. "తాతా, దించు. తొడ దాకా ఎక్కీసింది. తొందరగా దించు తాతా."

కొర్లయ్య కుడిచెయ్యి లేచింది. ఆయన లేపలేదు, అదే లేచింది. పెదాలు కూడా కదిలాయి. వేళ్ళు పిల్ల తొడ దాకా వెళ్ళి, జానెడు దూరంలో గాలిలో ఆగిపోయాయి. నొప్పి దిగిపోతుందేమోనని జీవితంలో మొదటిసారి భయపడ్డాడు. చెయ్యి వెనక్కి తీసుకుని చంకలో బిగించుకున్నాడు.

"దించనమ్మా" అన్నాడు.

"ఏటి?"

"దించను తల్లీ. డాకటరమ్మ వత్తాది, మందేత్తాది. అందాకా ఉండనీ. ఓర్సుకో."

ఏడేళ్ళ పిల్లకి అది అర్థమయ్యే మాట కాదు. అరవై రెండేళ్ళ మనిషికే రాత్రంతా పట్టింది, అదీ సగమే. చిట్టి ఆయన్ని నమ్మలేనట్టు చూసింది. ఊరూ పేరూ తెలీని వాళ్ళు కార్లలో వస్తే దించే తాత. అర్ధాకలితో వల వదిలి లేచి దించే తాత. పిల్ల పెదవి వంకర తిరిగింది.

"అందరికీ దించుతావు! నాకే దించవు! నానంటే నీకు ఇట్టం లేదు!"

"ఇట్టమేనమ్మా..." కొర్లయ్య కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

చిట్టి బాగున్న కాలితో ఆయన పొట్టలో ఒక్క తాపు తన్నింది. తరవాత గుండెల నిండా గాలి పీల్చుకుని, ఆ వార్డూ పక్క వార్డూ దద్దరిల్లేలా అరిచింది.

"తాత సెడ్డోడు!"

"అరువమ్మా" అన్నాడు కొర్లయ్య, మంచం పట్టుకుని నిలబడి. "ఇంకా గట్టిగా అరువు."